తెలుగు అక్షరాలకు కోణాల ఫాంట్: గ్రాఫ్ షీటు నుంచి షాపు బోర్డు దాకా

"ఆర్బిట్రాన్, చక్ర పెచ్ లాంటి చదరపు, కోణాల ఇంగ్లీషు ఫాంట్ల పక్కన పెట్టడానికి తెలుగులో అలాంటిది ఎలా గీసుకోవాలి?" విజయవాడ ఫ్లెక్స్ షాపుల వాళ్లూ, గుంటూరులో లోగోలు చేసే కుర్రాళ్లూ పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే కుదరడం లేదు. అందుకే మొత్తం పని వరసలో రాస్తున్నాను.

ఇంగ్లీషు పెద్దక్షరాల్లో సగం ముందే సూటి గీతలు. మన అక్షరాలు దాదాపు అన్నీ వంపులే. అన్ని వంపుల్నీ ఒకే కత్తితో నరికితే బోర్డు మోడర్న్‌గా కనిపిస్తుంది గానీ షాపు పేరు మాత్రం ఎవరూ చదవలేరు. ఏ వంపు అందం కోసం ఉంది, ఏ వంపు ఆ అక్షరాన్ని గుర్తుపట్టడానికి ఉంది అన్నది విడదీసుకోవాలి. మొదటి రకాన్ని విరవండి, రెండో రకం జోలికి వెళ్లకండి. కింద చెప్పే ప్రతి అడుగూ దీని మీదే నడుస్తుంది.

1. ఫాంట్ కావాలా, ఒక పేరు చాలా?

ముందు ఇది తేల్చుకోండి. ఒక జిమ్ పేరు, ఒక గ్యారేజీ బోర్డు మాత్రమే కావాలంటే ఫాంట్ అక్కర్లేదు. ఆ ఆరేడు అక్షరాలు గీస్తే పని అయిపోతుంది. 3, 4, 6, 7, 13 భాగాలు చదివితే చాలు.

పూర్తి ఫాంట్ అంటే అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు అన్నీ కలిపి వందల ఆకారాలు. సాయంత్రాలు మాత్రమే కూర్చునేవాళ్లకు అది నెలల పని.

ఈ రకం అక్షరం ఎక్కడ నప్పుతుందో కూడా చూసుకోండి.

- నప్పేవి: షాపు పేర్లు, ఆటోమొబైల్, ఎలక్ట్రికల్, జిమ్, క్రీడల జెర్సీలు, యూట్యూబ్ థంబ్‌నెయిల్, పోస్టర్ మీద పెద్ద హెడ్డింగ్.
- నప్పనివి: పేరాలు, పెళ్లి శుభలేఖ, మందుల వివరాలు, చిన్న సైజులో చదవాల్సిన ఏదైనా.

శుభలేఖకు కోణాల అక్షరాలు కావాలని పట్టుబట్టే పెళ్లికొడుకులు కూడా ఉన్నారు. అలాంటప్పుడు పేర్లు రెండూ ఇందులో పెట్టి, ముహూర్తం, వేదిక మామూలు ఫాంట్లో పెట్టండి.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- మిల్లీమీటర్ గ్రాఫ్ షీట్లు, పెన్సిల్, స్కేలు. తొలి పది అక్షరాలు కాగితం మీదే గీయాలి. స్క్రీన్ మీద మొదలుపెడితే జూమ్ చేసుకుంటూ మూలల దగ్గరే కాలం గడిచిపోతుంది.
- గీయడానికి ఇంక్‌స్కేప్, ఫాంట్ కట్టడానికి ఫాంట్‌ఫోర్జ్. రెండూ ఉచితం. మ్యాక్ ఉంటే గ్లిఫ్స్ సౌకర్యంగా ఉంటుంది గానీ కొనాలి.
- పోల్చి చూసుకోవడానికి రెండు మంచి యూనికోడ్ ఫాంట్లు. హింద్ గుంటూర్, అనేక్ తెలుగు సరిపోతాయి. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. మొదటిదానికి మన ఊరి పేరే పెట్టారు కాబట్టి గుర్తుంచుకోవడం తేలిక.

వాటిని చూసేది అక్షరాల మధ్య కొలతల పొత్తు కోసం. వాటి గీతల్నే తీసి కోస్తే మాత్రం లైసెన్సు షరతులు మీకూ వర్తిస్తాయి. అవి ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌లో ఉన్నాయి: మార్చుకోవచ్చు, కానీ మార్చింది కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి, ఫాంటును విడిగా అమ్మకూడదు.

3. ఎత్తులు, మందం

ఎమ్ (అక్షరం గీసుకునే చట్రం కొలత) 1000 యూనిట్లు పెట్టుకోండి. కింది కొలతలు మొదలుపెట్టడానికి పనికొస్తాయి. ఎత్తులన్నీ అక్షరం కూర్చునే అడుగు గీత నుంచి లెక్క, మైనస్ అంటే దాని కింద. తర్వాత మీ కంటికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

- అక్షరం ఒంటి ఎత్తు: 520
- తలకట్టు పై అంచు: 690
- గుడి, ఏత్వం పై అంచు: 780
- వత్తు అడుగు: −380
- నిలువు గీత మందం: 80
- అడ్డగీత మందం: 72

అడ్డగీత ఎందుకు సన్నం? ఒకే మందం పెడితే అడ్డగీత లావుగా కనిపిస్తుంది. కంటి తీరు అది. పదో వంతు తగ్గిస్తే రెండూ సమానంగా అనిపిస్తాయి.

గుండ్రటి ఫాంట్లలో వంపుల్ని గీత కంటే కాస్త కిందకు, పైకి పొడిగిస్తారు. మనం గీసే కోణాల అక్షరాల అడుగు బల్లపరుపు కాబట్టి అది అక్కర్లేదు. మొనదేలిన చోట మాత్రం, ఉదాహరణకు గ పై కొస దగ్గర, 10 నుంచి 12 యూనిట్లు పొడిగించండి. లేకపోతే ఆ అక్షరం పొట్టిగా అనిపిస్తుంది.

పై నుంచి కింది దాకా లెక్కేస్తే 1160 అయింది, ఎమ్ దాటింది. ఫర్వాలేదు. తెలుగుకు అంత ఎత్తు కావాలి. కానీ ఫాంట్ సెట్టింగుల్లో విన్ యాసెంట్, విన్ డిసెంట్ (విండోస్ అక్షరాన్ని చూపించే పై, కింది హద్దులు) విలువలు ఈ కొలతల కంటే తక్కువ ఉండకూడదు. తక్కువైతే విండోస్‌లో వత్తుల అడుగు కోసేసినట్టు కనిపిస్తుంది.

4. మూల కోత లెక్క

గుండ్రటి ర ను ఎనిమిది అంచులుగా విరవడమే ఈ పనిలో మొదటి మెట్టు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు: బయటి మూల ఎంత కోశారో లోపలి మూలా అంతే కోస్తారు. అప్పుడు ఏటవాలు గీత సన్నబడి, అక్షరం ఆ మూలల్లో విరిగినట్టు కనిపిస్తుంది.

45 డిగ్రీల కోతకు (మూల నుంచి అంచు వెంబడి కొలిచేది) సరైన లెక్క ఇది:

లోపలి కోత = బయటి కోత − (గీత మందం × 0.586)

బయట 120 కోస్తే, మందం 80 అయితే, లోపల 120 − 47 = 73. ఇలా చేస్తే నిలువు గీత, ఏటవాలు గీత ఒకే మందంలో ఉంటాయి.

లెక్క తలనొప్పి అనిపిస్తే ఇంకో దారి ఉంది. ఇంక్‌స్కేప్‌లో గీత మధ్య దారి మాత్రమే గీయండి, దాని మూల 97 కోయండి, స్ట్రోక్ మందం 80, జాయిన్ దగ్గర మైటర్ పెట్టి, స్ట్రోక్ టు పాత్ కొట్టండి. బయట 120, లోపల 73 దానంతటదే వస్తుంది. తర్వాత అడ్డగీతల్ని 72కి తగ్గించుకోండి.

ఎంత కోయాలి? ఎనిమిది అంచులూ సమానంగా రావాలంటే వెడల్పులో 0.293 వంతు, అంటే 520 వెడల్పుకు 152. అలా చేయకండి. సమాన అష్టభుజాలు వరసగా పేరిస్తే ఆటోనగర్ షాపులో నట్లు పేర్చినట్టు ఉంటుంది. 110, 120 మధ్య ఉంచితే నిలువు అంచులు పొడుగ్గా నిలబడి, అక్షరానికి గట్టిదనం వస్తుంది.

బోల్డ్ చేసేటప్పుడు బయటి కోత కూడా పెంచాలి. మందం 140 అయ్యాక బయట 120 దగ్గరే ఆగితే లోపల మిగిలేది 38 మాత్రమే. మూలలో నల్లటి మచ్చలా కనిపిస్తుంది. బయట 150 చేస్తే లోపల 68 వస్తుంది.

ఫాంట్ మొత్తం మీద రెండు కోణాలకు మించి వాడకండి. 45 ఒకటి, తలకట్టుకు ఇంకొకటి. మూడోది వచ్చిందంటే అది వేరే ఫాంట్ నుంచి ఊడిపడిన అక్షరంలా ఉంటుంది.

5. ఏ అక్షరం తర్వాత ఏది

అ, ఆ, ఇ, ఈ అంటూ వర్ణమాల వరసలో మొదలుపెట్టకండి. ఇ, ఈ రెండూ కష్టమైన ఆకారాలు. అక్కడే విసుగొస్తుంది. ఆకారాల చుట్టరికం ప్రకారం వెళ్లండి.

1. ర: దీని నుంచి సున్న, ఠ వచ్చేస్తాయి.
2. వ: దీని నుంచి మ.
3. ప: దీని నుంచి ఫ, ష. తర్వాత స, హ, ఘ.
4. ద: దీని నుంచి ధ, థ. పక్కనే డ, ఢ.
5. బ, ఆ తర్వాత భ.
6. గ: ఇది ముందే సగం కోణం. ఊరిస్తుంది, జాగ్రత్త. రెండు ఏటవాలు గీతలు నేరుగా కలిపేస్తే ఇంగ్లీషు ఏ అయిపోతుంది. పైన చిన్న చదును ఉంచి, కాళ్లు కొంతైనా నిలువుగా దించండి.
7. చ, త, న, క, ట, ల, య.
8. చివర్లో జ, ణ, ఝ, ఖ, అచ్చులు.

ఙ, ఞ ఆఖరికి వదిలేయండి. బోర్డు మీద అవి రావు. కానీ జ్ఞ కోసం ఞ వత్తు మాత్రం తప్పనిసరి.

ర, వ, ప, ద, గ అయిదూ కుదిరాయంటే ఫాంట్ ముఖం తేలినట్టే. అవి కుదరకుండా ఆరో అక్షరానికి వెళ్లకండి.

6. తలకట్టు, గుణింతం

తలకట్టు ఒక్కసారి గీసి, కాంపోనెంట్‌గా అన్ని చోట్లా అదే వాడండి. ఎడమ నుంచి చిన్న వాలు, అక్కడి నుంచి కుడికి పొడుగు వాలు: ఈ టిక్కు ఆకారం పోకూడదు. కోణాల మోజులో దాన్ని అడ్డగీతగా మార్చేవాళ్లున్నారు. వెంటనే హిందీ శిరోరేఖ గుర్తొచ్చి, చదివేవాళ్ల కన్ను తడబడుతుంది.

తలకట్టు ఎక్కడ అంటాలి, ఎక్కడ అంటకూడదు అన్నది అక్షరాన్ని బట్టి ఉంటుంది. ఇది చూసుకోండి.

- అంటకుండా పైన విడిగా ఉండేవి: ఘ, ప, ఫ, ష, స, హ.
- అసలు తలకట్టు లేనివి: ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ.
- మిగతావాటికి ఒంటికి కలుస్తుంది.

విడిగా ఉన్నచోట మధ్య ఖాళీ కనీసం గీత మందంలో సగమైనా ఉండాలి. తక్కువ పెడితే ఫ్లెక్స్ ప్రింటులో సిరా పాకి, దూరం నుంచి కలిసిపోయినట్టే కనిపిస్తుంది.

గుడి వచ్చినప్పుడు తలకట్టు పోతుంది కాబట్టి ప్రతి హల్లుకూ తలకట్టు లేని ఒళ్లు విడిగా దాచుకోండి. గుడి, గుడిదీర్ఘం మధ్య తేడా చివరి మెలిక ఒక్కటే. ఎత్వానికీ ఏత్వానికీ కూడా అంతే. ఆ మెలికను కోణంగా విరిచినా సరే, దాని పొడవు గీత మందానికి ఒకటిన్నర రెట్ల కంటే తగ్గకూడదు. 'మిల్లు' కాస్తా 'మీల్లు' అయితే నవ్వుకుంటారు. షాపు యజమాని పేరులో జరిగితే బిల్లు ఇవ్వరు.

కొమ్ము విషయంలో ఒక మినహాయింపు. ప, ఫ, వ లకు కొమ్ము కింది నుంచి మొదలవుతుంది: పు, ఫు, వు. మిగతా వాటిలా వ పక్కన పై నుంచి తగిలిస్తే అది మ లా కనిపిస్తుంది. ఈ మూడింటికీ కొమ్ము, కొమ్ముదీర్ఘం విడిగా గీయాల్సిందే. ఒకే కొమ్మును ఫాంట్ అంతా అతికించి పని తేల్చుకుందామంటే ఇక్కడ దొరికిపోతారు.

7. ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునే అక్షరాలు

ఈ ఫాంట్ నిలబడేదీ పడేదీ ఇక్కడే. కింది జంటల్ని ఒకే కాగితం మీద పక్కపక్కన ప్రింట్ తీసి, తెలుగు చదివే ఎవరికైనా గది అవతలి నుంచి చూపించండి. మీరు చూడటం లెక్కలోకి రాదు, గీసింది మీరే కాబట్టి.

- ప, వ: తలకట్టు అంటిందా లేదా.
- వు, మ: కొమ్ము ఎక్కడ మొదలైంది.
- ర, ఠ: పొట్టలో చుక్క.
- ధ, థ: ఇక్కడా చుక్కే.
- ద, ధ: కింది చిన్న గీత.
- చ, ఛ, ప, ఫ, డ, ఢ: ఇవీ ఆ కింది గీతతోనే విడతాయి.
- న, స: తలకట్టు, మధ్య ఖాళీ.
- కి, కీ, కె, కే, కొ, కో: చివరి మెలిక.
- సున్న, ఇంగ్లీషు ఓ, అంకె 0.

థ, ఠ ల చుక్క చదరంగా పెట్టండి. వైశాల్యం సరిపోకపోతే దూరం నుంచి మాయమవుతుంది. కాబట్టి చుక్క పక్క కొలత కనీసం గీత మందమంత, దాని చుట్టూ ఖాళీ కూడా దాదాపు అంతే ఉండాలి. లోపల చోటు చాలకపోతే చుక్కను చిన్నది చేయొద్దు, అక్షరాన్నే వెడల్పు చేయండి.

కింది గీత, అంటే ఫ, ధ, భ లకు వచ్చే ఒత్తక్షరపు గుర్తు, నిటారుగా దింపండి. దాని కొసను ఏటవాలుగా కోయొచ్చు. దాన్ని ఒంటి అడుగు అంచులో కలిపేసి చిన్న బొడిపెలా మిగిలిస్తే మాత్రం ఫ్యాన్సీ షాపు కాస్తా ప్యాన్సీ షాపు అవుతుంది.

8. వత్తులు

అక్షరాన్ని 60 శాతానికి కుదించి కింద పెడితే వత్తు అవుతుందనుకోవద్దు. కుదిస్తే గీత మందమూ తగ్గి, పైన లావు, కింద నీరసం. వత్తుల గీత మందం 62 దగ్గర పెట్టి విడిగా గీయండి. మూల కోత బయట 70, లోపల 34.

- త, న, మ, య, ర, ల వత్తుల ఆకారం అసలు అక్షరంలా ఉండదు. వీటిని ముందు గీయండి, ఎక్కువగా వచ్చేవి ఇవే.
- ర వత్తు ఎడమ నుంచి చుట్టుకొస్తుంది. ముందున్న అక్షరం అడుగును గుద్దుకుంటుంది. దీనికి చుట్టు పొట్టిగా ఉండే రెండో రూపం ఒకటి దాచుకోండి.
- రెండు వత్తులు వచ్చినప్పుడు, 'రాష్ట్రం' లోలా, రెండోదాన్ని ఇంకా కిందకు దించకుండా పక్కకు జరపండి. కిందకు దించుకుంటూ పోతే బోర్డు ఎత్తు చాలదు.
- ఐత్వంలో కింది భాగం కూడా వత్తుల చోటునే ఆక్రమిస్తుంది. 'త్రై' గీసి చూడండి. గొడవ అంతా అక్కడే బయటపడుతుంది.

వత్తుకూ పై అక్షరానికీ మధ్య 30 నుంచి 40 యూనిట్ల ఖాళీ చాలు.

9. ఎడం

బల్లపరుపు అంచులు రెండు పక్కపక్కన వస్తే ఇరుకుగా, ఏటవాలు అంచులు వస్తే వదులుగా అనిపిస్తుంది. ర కు రెండు పక్కలా 45 యూనిట్లతో మొదలుపెట్టి, 'రరర', 'గగగ', 'రగరగ' టైప్ చేసి, లోపలి ఖాళీ, మధ్య ఖాళీ ఒకేలా అనిపించేదాకా సర్దండి. ఆ తర్వాతే కెర్నింగ్, అంటే ఒక్కో అక్షరాల జంటకు ఎడం విడిగా సర్దడం. ఎడం సరిచేయకుండా కెర్నింగ్ మొదలుపెట్టినవాళ్లు జంటల లెక్క తేలక మధ్యలో వదిలేస్తారు.

10. ఫాంటుగా కట్టడం

ఫాంట్‌ఫోర్జ్‌లో తెలుగు అక్షరాల స్థానాలు 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు. వత్తులకు, తలకట్టు లేని ఒళ్లకు యూనికోడ్ స్థానం ఉండదు. పేరు పెట్టి చివర్లో చేర్చాలి. స్క్రిప్ట్ ట్యాగ్ (ఇది ఏ లిపో చెప్పే గుర్తు) దగ్గర టి-ఇ-ఎల్-2 ఎంచుకోండి.

చేయాల్సిన వరస ఇది. ఇందులో ఫీచర్ అంటే అక్షరాలు ఎలా కలవాలో చెప్పే నియమాల గుంపు:

1. క్ష ను అఖండ రూపంగా, అఖండ్ ఫీచర్‌లో.
2. పొల్లు + హల్లు వస్తే వత్తుగా మార్చే నియమాలు, బిలో-బేస్ ఫార్మ్స్ ఫీచర్‌లో.
3. హల్లు + గుణింతపు గుర్తు కలిసే రూపాలు, ఎబవ్-బేస్, పోస్ట్-బేస్ సబ్‌స్టిట్యూషన్లలో.
4. పు, ఫు, వు మినహాయింపులు.
5. చివరి పొల్లు: 'మెడికల్స్' లో స్ లాగా.

జీరో విడ్త్ నాన్ జాయినర్ (రెండు అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు) మర్చిపోవద్దు. అది లేకపోతే 'హార్డ్‌వేర్' లో ర కింద డ వత్తుతో పాటు వ వత్తు కూడా వచ్చి 'హార్డ్వేర్' అవుతుంది. చుక్కల సున్నా, అంటే గుణింతపు గుర్తు ఒంటరిగా వస్తే కనిపించే ఆకారం, అదీ పెట్టండి.

చివరగా ప్రతి ఆకారానికీ రిమూవ్ ఓవర్‌ల్యాప్ కొట్టండి. తలకట్టు, ఒళ్లు రెండు ముక్కలుగా ఒకదానిపై ఒకటి ఉండిపోతే ప్లాటర్ (స్టిక్కర్ కోసే యంత్రం) ఆ రెండు గీతల మీదా కోస్తుంది. స్టిక్కర్ అక్కడే ముక్కలవుతుంది.

11. అంకెలు, ఇంగ్లీషు

బోర్డు మీద ఫోన్ నంబరు లేకుండా ఉండదు. కోణాల ఫాంట్లో 8, 6, 9, 0 తొందరగా కలిసిపోతాయి. 6, 9 లకు నోరు బాగా తెరిచి ఉంచండి. 1 కి పైన ముక్కు పెట్టండి.

ఏటవాలు గీత గుర్తు (/) కూడా శ్రద్ధగా గీయాలి. గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. బ్రాడీపేట, అరండల్‌పేట అడ్రసుల్లో లైను, అడ్డరోడ్డు మధ్య ఆ గుర్తు లేకుండా పని జరగదు. 4/1 అనేది 411 లా కనిపిస్తే కస్టమర్ ఇంకో వీధిలో తిరుగుతుంటాడు. రూపాయి గుర్తు సరేసరి.

ఇంగ్లీషు పెద్దక్షరాల ఎత్తు 600 దగ్గర పెడితే తెలుగు 520 ఒంటి పక్కన సమంగా కనిపిస్తుంది.

12. పరీక్ష

'విజయవాడ', 'గుంటూరు' బాగా వచ్చాయని పండగ చేసుకోకండి. రెండు పేర్లలోనూ ఒక్క వత్తు కూడా లేదు. ఇవి టైప్ చేయండి:

- సత్యనారాయణపురం, మొగల్రాజపురం, లక్ష్మీపురం, కృష్ణా
- ఎలక్ట్రికల్స్, జ్యూయలర్స్, ఫ్యాన్సీ, స్వీట్స్, హార్డ్‌వేర్
- స్త్రీ, రాష్ట్రం, త్రైమాసిక, జ్ఞానం, క్షేత్రం
- పువ్వు, మావు, మామ, ధర్మం, కథ, కంఠం, ఘనం

ఏ4 కాగితం మీద మూడు సైజుల్లో తీసి గోడకు అంటించి, వెనక్కి నడవండి. ఏ పదం ముందుగా చదవలేకపోయారో అందులో అక్షరాన్ని సరిచేయండి. తర్వాత అదే కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసి చిన్నది చేసి చూడండి. లోపలి ఖాళీలు ఎక్కడ పూడిపోతున్నాయో తెలుస్తుంది.

13. బోర్డు మీదకు

సైజు లెక్క ముందు. బోర్డుల పనిలో పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అన్న లెక్క వాడతారు. అది ఇంగ్లీషు పెద్దక్షరాలకు. తెలుగుకు దాన్ని ఒంటి ఎత్తుకు మాత్రమే వర్తింపజేయండి. వంద అడుగుల నుంచి చదవాలంటే ఒళ్లు 10 అంగుళాలు. మన కొలతల్లో మొత్తం ఎత్తు 1160, ఒళ్లు 520. అంటే గుడి, వత్తులు కలిపి ఒక వరసకు 22 అంగుళాల పైమాటే. రెండడుగుల బోర్డులో పేరు ఒక్కటే పడుతుంది. 'ప్రొప్రయిటర్' అని కింద ఇంకో వరస ఇరికించమంటే ఒప్పుకోకండి.

విజయవాడ బీసెంట్ రోడ్డులో జనం నడుస్తూ దగ్గర నుంచి చూస్తారు, అక్కడ సన్న గీతలు చెల్లుతాయి. బందరు రోడ్డులో బండి మీద పోతూ చూస్తారు. అక్కడికి బోల్డ్ వాడి, అక్షరాల ఎడం కొంచెం పెంచండి.

*వినైల్ స్టిక్కర్.* మొనదేలిన కొసలు ఎండకు ముందు లేస్తాయి. మన ఎండాకాలం సంగతి తెలిసిందే. కొసల్ని 45 డిగ్రీలకు మొద్దుగా కోయండి, లేదా చిన్న గుండ్రం ఇవ్వండి. దూరానికి తేడా తెలియదు.

*రేకు కటింగ్.* గేటు మీద పేరు రేకులోంచి కోసి తీస్తే ర, వ లోపలి ముక్క ఊడి కింద పడుతుంది. దాన్ని పట్టి ఉంచే వంతెనలు వదలాలి. అవి ఎక్కడ వదులుతున్నారన్నది ముఖ్యం. తలకట్టు కలిసే చోట వంతెన పెడితే వ కాస్తా ప వైపు జారుతుంది. నిలువు గీత మధ్యలోనో అడుగు అంచులోనో పెట్టండి. ఠ, థ చుక్కలకు ఈ పద్ధతిలో వంతెన అక్కర్లేదు, అవి కోసేసిన రంధ్రంలో మిగలాల్సిన ముక్కలైతేనే కావాలి. మీ డిజైన్‌లో అక్షరం రంధ్రమా, రేకా అన్నది ముందే తేల్చుకోండి.

*లైటింగ్ అక్షరాలు.* వెలుగు పాకి లోపలి ఖాళీలు పూడుకుంటాయి. బోల్డ్ కంటే ఒక మెట్టు సన్నం వాడండి. ప తలకట్టు కింద ఖాళీని రెట్టింపు చేయండి. ఎల్‌ఈడీ మాడ్యూల్ వెడల్పు ఎంతో షాపులో ముందే అడగండి, గీత అంతకంటే సన్నమైతే లైట్ కూర్చోదు. అక్షరం పక్క గోడల్ని వంచేవాళ్లకు మన ఫాంట్ ఒక సౌకర్యం: గుండ్రంగా తిప్పే పని లేదు, లెక్క ప్రకారం మడతలే.

14. ఎక్కువగా వచ్చే ఇబ్బందులు, వాటికి మందు

- *ఫోటోషాప్‌లో వత్తులు పక్కకు విడిపోతున్నాయి.* ఫాంట్ తప్పు కాకపోవచ్చు. టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్.
- *అను (పాత తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్) లో టైప్ చేసిన మ్యాటర్‌కు ఈ ఫాంట్ పెడితే పిచ్చి గుర్తులు వస్తున్నాయి.* వస్తాయి. అది యూనికోడ్ కాదు. కన్వర్టర్‌తో మార్చండి, లేదా మళ్లీ టైప్ చేయండి. మార్చాక ప్రతి వత్తూ కంటితో చూసుకోవాలి.
- *అక్షరాలు అన్నీ ఒకేలా ఉన్నాయంటున్నారు.* వెడల్పులు అన్నీ ఒకటే పెట్టి ఉంటారు. ర ను ఇరుకు చేయండి, మ, య, ఘ లను విశాలంగా వదలండి.
- *రెండు వరసలు గుద్దుకుంటున్నాయి.* ఇంగ్లీషుకు పెట్టే లైన్ స్పేసింగ్ పెట్టారు. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఇచ్చి, పై వరసలో వత్తులు లేకపోతే అప్పుడు తగ్గించుకోండి.

15. షాపుకు ఫైలు ఇచ్చే ముందు

- టైప్ చేసిన ఫైలు మీ దగ్గర ఒకటి దాచుకున్నారా? తర్వాత ఫోన్ నంబరు మారుతుంది, తప్పకుండా మారుతుంది.
- షాపుకు ఇచ్చేది కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అక్కర్లేని గీతల ఆకారాలుగా, మార్చిన పీడీఎఫ్ లేదా ఎస్‌వీజీ. వాళ్ల కంప్యూటర్లో మీ ఫాంట్ ఉండదు.
- కర్వ్స్ చేశాక కోరల్‌డ్రాలో వెల్డ్ (ముక్కల్ని ఒకే ఆకారంగా కలిపేది) కొట్టారా? వైర్‌ఫ్రేమ్ వ్యూలో చూస్తే ఒకదాని మీద ఒకటి పడిన గీతలు ఇంకా మిగిలాయేమో తెలిసిపోతుంది.
- అక్కర్లేని నోడ్లు (గీత మీది బిందువులు) తీసేశారా? సూటి గీతకు రెండే ఉండాలి.
- అసలు కొలత అంగుళాల్లో ఫైలు పేరులోనే రాశారా?
- చదివి సరేనన్నట్టు షాపు యజమానితో ప్రింటు మీద సంతకం పెట్టించుకున్నారా? అడ్వాన్సు కూడా అప్పుడే తీసుకోండి.